అన్నయ్య తెచ్చిన క్యాప్సూల్స్‌తో జ్ఞాపకశక్తి తిరిగొస్తుందా?

ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. వయసు 34, లెక్కలు చూసే ఉద్యోగం. ఐదేళ్ళ క్రితం ఒక కంటి చూపు మసకబారితే ఎమ్మారై తీసి మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎం.ఎస్., సొంత రోగనిరోధక వ్యవస్థే మెదడు, నరాల మీద దాడి చేసే జబ్బు) అని తేల్చారు. ఆరు నెలల క్రితం జబ్బు తిరగబెట్టి నడక తడబడింది. ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. ఆ తర్వాత న్యూరాలజిస్టు పాత మందు మాన్పించి, ఆరు నెలలకోసారి ఆస్పత్రిలో సెలైన్ ద్వారా ఎక్కించే ఓక్రెలిజుమాబ్ మొదలుపెట్టారు. తర్వాతి డోసు వచ్చే నెల.

నడక కుదురుకుంది గానీ జ్ఞాపకం కుదురుకోలేదని ఆమె బాధ. "ఒక కాగితంలో అంకె చూసి పక్క కాగితంలో రాసేలోపే అది పోతోంది. మళ్ళీ చూడాలి, మళ్ళీ రాయాలి. మీటింగులో నా వంతు వచ్చేసరికి ఏం చెప్పాలనుకున్నానో గుర్తుండదు" అని రాశారు. ఆఫీసులో ఆమె జబ్బు సంగతి ఎవరికీ తెలియదు. మతిమరుపు గురించి న్యూరాలజిస్టుకూ చెప్పలేదు. చెబితే పిచ్చిదాన్ననుకుంటారేమో అన్న సంకోచం.

స్టెరాయిడ్ కోర్సు అయిన వారంలోనే అన్నయ్య ప్రోబయాటిక్ (పేగులకు మేలు చేస్తుందనే బ్యాక్టీరియా ఉన్న) క్యాప్సూల్స్ తెచ్చారు. మెదడులో నరాల పోగుల చుట్టూ ఉండే మైలిన్ పొర దెబ్బతిన్న ఎలుకలకు ఇలాంటి బ్యాక్టీరియా తినిపిస్తే జ్ఞాపకశక్తి మెరుగైందని ఆయన ఎక్కడో చదివారు. మొదటి రెండు నెలలు నిజంగానే తేలిగ్గా అనిపించింది. ఆ తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది, ఇంకా ముదిరింది. పైగా మలబద్ధకం, నోరెండిపోవడం. "గట్ (పేగులు) ఇంకా సెట్ కాలేదు" అని అన్నయ్య డోసు రెట్టింపు చేశారు. వచ్చే నెల సెలైన్ మందు వాయిదా వేసి కొన్నాళ్ళు క్యాప్సూల్స్ మీదే ఉండమంటున్నారు. భర్త మాత్రం ఇదంతా టెన్షన్, నిద్రలేమి అని కొట్టిపారేస్తున్నారు. ఉత్తరం మధ్యలో ఇంకో వాక్యం ఉంది: మూత్రం ఆపుకోలేకపోతున్నానని మూడు నెలల క్రితం వేరే డాక్టరు ఆక్సీబ్యుటినిన్ మాత్ర రాశారు, దానివల్ల ఆ ఇబ్బంది కాస్త నయం. క్యాప్సూల్స్ నిజంగా పనిచేస్తాయా, మందు వాయిదా వేయొచ్చా, అన్నయ్య మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి, చివరికి తన మతి పూర్తిగా పోతుందా అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతా ప్రశ్నలన్నిటి వెనకా ఉన్న భయం అదే కదా.

ఎం.ఎస్. ఉన్న ప్రతి వందమందిలో సుమారు 40 నుంచి 65 మందికి జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన వేగం లాంటి వాటిలో ఎంతో కొంత ఇబ్బంది వస్తుంది. 19వ శతాబ్దంలో ఈ జబ్బును స్పష్టంగా వర్ణించిన ఫ్రెంచ్ వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో కూడా తన రోగుల్లో జ్ఞాపకశక్తి తగ్గడాన్ని గమనించి రాశాడు. కాబట్టి మీకు వచ్చింది జబ్బులో భాగమయ్యే లక్షణమే. మీ న్యూరాలజిస్టు దీన్ని విని ఆశ్చర్యపోరు. కాళ్ళ తిమ్మిరి గురించి చెప్పినట్టే ఇదీ చెప్పొచ్చు.

ఇది అల్జీమర్స్ లాంటి దారి పట్టే మతిమరుపు కూడా కాదు. అందులో కొత్తవి నిలవకపోవడంతో మొదలై, అప్పటికే తెలిసినవి కూడా క్రమంగా చెరిగిపోతూ వస్తాయి. ఎం.ఎస్.లో ఎక్కువమందికి ఇబ్బంది వేరే చోట ఉంటుంది. నరాల పోగుల చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వుపొర దెబ్బతినడంతో మెదడులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి సంకేతం ఆలస్యంగా చేరుతుంది. కొత్త విషయం బుర్రకెక్కడానికి ఎక్కువ సమయం కావాలి, ఎక్కువసార్లు వినాలి, చూడాలి. గట్టిగా ఎక్కినది మాత్రం చాలావరకు నిలుస్తుంది. మీ అంకెల సంగతే చూడండి. అంకె మనసులో కుదురుగా పడకముందే మీ చెయ్యి పక్క కాగితం మీదికి వెళ్ళిపోతోంది. ఆఫీసు పని వేగం మీ మెదడు ఇప్పటి వేగం కంటే ఎక్కువగా ఉంది. ఇలాంటిదాన్ని కొలవొచ్చు, దానికి తగ్గట్టు పద్ధతులు మార్చుకోవచ్చు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన ఆక్సీబ్యుటినిన్ దగ్గరికొస్తాను. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది ఆ వాక్యమే.

మూత్రాశయం బిగుసుకోవాలంటే నరాలు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వాడతాయి. ఈ మాత్ర దాన్ని అడ్డుకుంటుంది, అందుకే మీకు మూత్రం ఆగుతోంది. లాలాజలం ఊరడానికీ పేగులు కదలడానికీ కావలసింది అదే రసాయనం. మెదడులో కొత్త విషయం గుర్తుండటానికీ అదే కావాలి. ఈ రకం మాత్రల్లో ఆక్సీబ్యుటినిన్ మెదడులోకి తేలిగ్గా చేరేది. మీ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి: మాత్ర మొదలైంది మూడు నెలల క్రితం. నోరెండిపోవడం, మలబద్ధకం, మతిమరుపు ముదరడం, అన్నీ ఆ తర్వాతివే. అన్నయ్య మలబద్ధకాన్ని చూసి గట్ చెడిందనుకున్నారు, క్యాప్సూల్స్ రెట్టింపు చేశారు. మాత్రే కారణమని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. కానీ అనుమానించడానికి ఇంతకంటే బలమైన ఆధారం మీ ఉత్తరంలో ఇంకోటి లేదు.

దాన్ని మీ అంతట మీరు ఆపేయకండి. రాసిన డాక్టరుకు ఫోన్ చేసి, ఎం.ఎస్. ఉందనీ మతిమరుపు పెరిగిందనీ చెప్పి, వేరే దారిలో పనిచేసే మందు కుదురుతుందేమో అడగండి. మిరాబెగ్రాన్ లాంటివి ఎసిటైల్‌కోలిన్ జోలికి పోవు. అయితే దానికి ముందు బీపీ చూస్తారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్ష కూడా చేయించండి. ఎం.ఎస్. ఉన్నవాళ్ళలో చిన్న ఇన్ఫెక్షన్, కాస్త జ్వరం కూడా పాత లక్షణాలన్నిటినీ పైకి తెస్తాయి.

ఇక క్యాప్సూల్స్. మొదటి రెండు నెలలు మీకు నిజంగానే తేలిగ్గా అనిపించిందని నేను నమ్ముతున్నాను. అప్పుడు మీ ఒంట్లో ఏమేం జరుగుతున్నాయో చూడండి. జబ్బు తిరగబెట్టిన తర్వాత వారాల నుంచి నెలల పాటు మెదడు తనంతట తాను కోలుకుంటుంది. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ కొద్దికాలం నిద్రనీ జ్ఞాపకాన్నీ దెబ్బతీస్తుంది, కోర్సు అయ్యాక ఆ ప్రభావం తగ్గుతుంది. కొత్త మందు మొదలైంది. నడక బాగుపడింది, మనసు తేలికపడింది. క్యాప్సూల్ ఈ అన్నిటి మధ్యలో వచ్చింది. మేలు దేనివల్ల జరిగిందో విడదీయడానికి మీ దగ్గర దారి లేదు, అన్నయ్య దగ్గరా లేదు.

ఆయన చదివిన ఎలుకల ప్రయోగాలు కట్టుకథలు కావు. క్యూప్రిజోన్ అనే రసాయనాన్ని కొన్ని వారాలు మేతలో కలిపి పెడితే ఎలుకల మెదడులో మైలిన్ తయారుచేసే కణాలు చనిపోతాయి, పొర ఊడిపోతుంది. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లోనూ ఇది జరుగుతుంది. అలాంటి ఎలుకలకు లాక్టోబాసిల్లస్, బిఫిడోబ్యాక్టీరియం జాతుల బ్యాక్టీరియా ఇచ్చి చూస్తున్నారు. కొన్ని ప్రయోగాల్లో మేలు కనిపించింది. పేగుల్లోని బ్యాక్టీరియా పీచుపదార్థాన్ని జీర్ణం చేసినప్పుడు పుట్టే బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు మైలిన్ మళ్ళీ ఏర్పడటానికి తోడ్పడొచ్చని కూడా ఎలుకల్లో చూశారు. కానీ క్యూప్రిజోన్ ఎలుకకు వచ్చింది విషం వల్ల. మేతలో ఆ రసాయనం ఆపేస్తే కొన్ని వారాల్లో మైలిన్ దానంతట అదే చాలావరకు తిరిగి వస్తుంది. మీ విషయంలో మైలిన్ మీద దాడి చేస్తున్నది మీ సొంత రోగనిరోధక వ్యవస్థ. ఆ దాడి ఆపే మందునే వాయిదా వేయమంటున్నారు అన్నయ్య.

బ్యాక్టీరియా సంగతి కూడా ఆయన అనుకుంటున్నంత సూటిగా లేదు. ఎం.ఎస్. లాంటి జబ్బు వచ్చేలా జన్యువులు మార్చిన ఎలుకల మీద 2011లో ఒక ప్రయోగం జరిగింది. ఏ సూక్ష్మజీవీ లేని వాతావరణంలో పెంచితే అవి ఆరోగ్యంగానే ఉన్నాయి. పేగుల్లోకి మామూలు బ్యాక్టీరియా చేరాక జబ్బు మొదలైంది. 2022లో 576 మంది ఎం.ఎస్. రోగుల పేగుల్లోని బ్యాక్టీరియాను వాళ్ళ ఇళ్ళలోనే ఉంటున్న ఆరోగ్యవంతుల వాటితో పోల్చి చూస్తే, ఇతర విషయాల్లో మేలు చేస్తుందని పేరున్న అక్కర్‌మాన్సియా అనే బ్యాక్టీరియా రోగుల్లోనే ఎక్కువగా కనిపించింది. దాని అర్థం ఏమిటన్నది ఇంకా తేలలేదు. పేగులకీ ఈ జబ్బుకీ సంబంధం ఉంది. ఏ బ్యాక్టీరియా ఎవరికి ఎంత ఇస్తే మేలన్నది ఆ సంబంధం ఒక్కటే చెప్పదు.

మనుషుల్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఇరాన్‌లో 60 మంది ఎం.ఎస్. రోగులతో చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. నాలుగు రకాల బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూల్స్ 12 వారాలు ఇస్తే, డమ్మీ క్యాప్సూల్స్ తీసుకున్నవాళ్ళతో పోలిస్తే డిప్రెషన్ స్కోరు మెరుగుపడింది. వైకల్యం స్కోరూ కాస్త మారింది గానీ, ఆ మార్పు మనిషికి తెలిసేంత పెద్దది కాదు. 2018లో ఇంకో చిన్న అధ్యయనంలో తొమ్మిది మంది రోగులకు రెండు నెలలు ఇచ్చారు. రక్తంలోని రోగనిరోధక కణాల్లో మంచి దిశగా మార్పు కనిపించింది, క్యాప్సూల్స్ ఆపేశాక ఆ మార్పు నిలవలేదు. ఈ రెండింటిలోనూ జ్ఞాపకశక్తిని కొలవలేదు. కాబట్టి ఎం.ఎస్.లో మతిమరుపుకు ప్రోబయాటిక్స్ పనిచేస్తాయని చెప్పడానికి వీటిలో ఆధారం లేదు. మూడ్ కొద్దిగా బాగుపడొచ్చన్నది మాత్రం నేను తీసిపారేయను, ఎందుకంటే దిగులు తగ్గితే జ్ఞాపకమూ కొంత తేరుకుంటుంది.

మనుషుల్లో మంచి ఫలితం వచ్చినా ఎందుకు ఆగి చూడాలో చెప్పే అనుభవం ఈ జబ్బులోనే ఉంది. అల్జీమర్స్‌కు వాడే డోనెపెజిల్‌ను 2004లో 69 మంది ఎం.ఎస్. రోగులకు ఇస్తే జ్ఞాపకం మెరుగుపడింది. అందరూ ఆశపడ్డారు. ఆ పరిశోధకులే 2011లో 120 మందితో మళ్ళీ చేసి చూస్తే డమ్మీ మాత్రకూ దానికీ తేడా లేదు. అలా తిరిగి చేసి చూసి, ఉన్నదున్నట్టు చెప్పినవాళ్ళంటే నాకు చాలా గౌరవం.

ఇక మీ ముందున్న దారులు.

సెలైన్ మందు వాయిదా వేసి క్యాప్సూల్స్ మీద ఉండటం ఒకటి. ఇది ప్రమాదకరమని గట్టిగా చెప్తున్నాను, ఎందుకు ప్రమాదమో కూడా వినండి. ఓక్రెలిజుమాబ్ బి కణాలనే ఒక రకం తెల్లరక్తకణాలను తొలగిస్తుంది. మందు ఆపాక అవి మామూలు స్థాయికి రావడానికి చాలామందిలో ఏడాది పైనే పడుతుంది. అంటే డోసు మానేసిన మొదటి నెలల్లో మీకేమీ కాకపోవచ్చు. "చూశావా, మందు లేకపోయినా బాగానే ఉన్నావు" అని ఇంట్లో అంటారు. మీకూ నిజమే అనిపిస్తుంది. అది అంతకుముందు వేసిన డోసు ఇంకా కాపు కాస్తున్న కాలం. అది అయిపోయాక మెదడులో కొత్త మచ్చలు పడితే, వాటిలో కొన్ని చేసే నష్టం తిరిగిరాదు. మతిమరుపుకు భయపడి మతిమరుపును పెంచే దారిలో వెళ్ళినట్టవుతుంది. ఆ మందు గురించి మీకే ఏదైనా సందేహం, భయం ఉంటే న్యూరాలజిస్టుతో మాట్లాడి మార్చుకోవచ్చు. ఎవరికీ చెప్పకుండా తేదీ దాటేయడం మాత్రం వద్దు.

డోసు వేయించుకుంటూనే క్యాప్సూల్స్ కొనసాగించడం రెండోది. ఆరోగ్యవంతులకు ఇవి సాధారణంగా పెద్ద హాని చేయవు. మీరు మాత్రం రోగనిరోధక శక్తిని తగ్గించే మందు మీద ఉన్నారు. బాగా బలహీనపడినవాళ్ళలో, రక్తనాళంలో గొట్టం పెట్టి ఉన్నవాళ్ళలో క్యాప్సూల్‌లోని సూక్ష్మజీవి రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ అయిన సంఘటనలు అరుదుగానైనా ఉన్నాయి. అందుకే డబ్బా చేతిలో పట్టుకుని వెళ్ళి న్యూరాలజిస్టుకు చూపించండి. ఆయన సరేనంటే రెట్టింపు మోతాదు మాని, డబ్బా మీద రాసినంతే తీసుకోండి. 12 వారాలని గడువు పెట్టుకోండి. ఆ 12 వారాల్లో ఇంకే సప్లిమెంటూ కొత్తగా మొదలుపెట్టొద్దు, లేకపోతే ఏది పనిచేసిందో మళ్ళీ తెలియదు. మూత్రం మాత్ర మార్చడం, క్యాప్సూల్స్ పరీక్షించడం ఒకేసారి వద్దు. ముందు మాత్ర సంగతి తేలనివ్వండి.

క్యాప్సూల్స్ మానేయడం మూడోది. మానేస్తే జ్ఞాపకం కుప్పకూలుతుందన్న భయం అక్కర్లేదు. మలబద్ధకానికి అవి ఏమైనా సాయం చేస్తుంటే కొద్దిరోజులు తేడా తెలియొచ్చు, అంతే. నన్నడిగితే, ముందు మాత్ర గురించి డాక్టరు నిర్ణయం తీసుకునేదాకా వీటిని పక్కన పెట్టడమే మేలు. అలా చేస్తే లెక్క శుభ్రంగా ఉంటుంది. కానీ వీటివల్ల మీకు ఏదో చేస్తున్నానన్న ధైర్యం వస్తుంటే, డాక్టరు ఒప్పుకుంటే, రెండో దారిని నేను తప్పు పట్టను.

ఏ దారి ఎంచుకున్నా మతిమరుపును ముందు కొలిపించుకోండి. ఎం.ఎస్.లో ఎక్కువగా వాడే పరీక్ష 90 సెకన్లది. కాగితం పైన తొమ్మిది గుర్తులు, ఒక్కో గుర్తు కింద ఒక అంకె ఉంటాయి. కింద వరుసల నిండా గుర్తులే. పైన చూసుకుంటూ ఒక్కో గుర్తుకు సరిపోయే అంకె చెప్పుకుంటూ పోవాలి. 90 సెకన్లలో ఎన్ని సరిగ్గా చెప్పారన్నదే స్కోరు. దీనికి పదాలు గుర్తుపెట్టుకునే పరీక్ష, బొమ్మలు గుర్తుపెట్టుకునే పరీక్ష కలిపితే మొత్తం పావుగంట పని. పాత స్కోరు కంటే నాలుగు మార్కులో, అంతకంటే ఎక్కువో తగ్గితే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఒకే కాగితంతో వెంటవెంటనే చేస్తే అలవాటుతో స్కోరు పెరుగుతుంది, అందుకని ఇంట్లో సాధన చేయకండి. ఆ సందర్శనలోనే బి12, థైరాయిడ్ చూడమని అడగండి. నిద్ర ఎలా ఉందో, దిగులుగా ఉంటోందా అన్నది దాచకుండా చెప్పండి.

ఆ చివరి మాట దగ్గర మీ భర్త పూర్తిగా తప్పు కాదని చెప్పాలి. టెన్షన్, నిద్రలేమి జ్ఞాపకాన్ని నిజంగానే తింటాయి. ఆయన పొరపాటల్లా అక్కడితో ఆగిపోవడంలో ఉంది. టెన్షన్ అనే మాట మీ నోరు మూయించడానికి పనికొస్తోంది తప్ప మీకు సాయం కావడం లేదు. ఆయన్ని డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్ళండి. ఆ పరీక్ష చేస్తున్నప్పుడు గదిలో కూర్చోనిస్తే మరీ మంచిది. అంకె నోటిదాకా వచ్చి ఎలా ఆగిపోతోందో కళ్ళారా చూస్తే "అదేం లేదులే" అనడం కష్టం.

అన్నయ్యకు మీరు జవాబు చెప్పే పద్ధతి ఆయన ప్రేమను కాదన్నట్టు ఉండకూడదు. ఆయన మీ కోసం చదివారు, వెతికారు, తెచ్చారు. ముందు ఆ మాట అనండి. తర్వాత, "అన్నయ్యా, మందు ఆపను. క్యాప్సూల్స్ సంగతి డాక్టరుగారిని అడుగుతాను, నువ్వూ రా, నీ ప్రశ్నలు నువ్వే అడుగు" అనండి. ఇంత శ్రద్ధగా చదివే మనిషికి చేతినిండా పని ఇవ్వొచ్చు కూడా. ఏ మందు ఏ తేదీన మొదలైంది, ఏ లక్షణం ఎప్పుడొచ్చింది అని ఒక కాగితం మీద వరుసగా రాసిపెట్టమనండి. న్యూరాలజిస్టుకు అది ఎంతో పనికొస్తుంది. ఆక్సీబ్యుటినిన్ తేదీ పక్కన మలబద్ధకం తేదీ రాసినప్పుడు ఆయనకే విషయం అర్థం కావచ్చు.

జ్ఞాపకానికి మందు కంటే ఎక్కువ ఆధారం ఉన్నది శిక్షణకి. గుర్తుపెట్టుకోవలసిన మాటలను ఒక చిన్న కథలో ఇరికించి, దాన్ని బొమ్మలా ఊహించుకోవడం నేర్పే పద్ధతిని 86 మంది ఎం.ఎస్. రోగుల్లో పరీక్షించారు, 2013లో ఫలితాలొచ్చాయి. ఐదు వారాల్లో పది తరగతులు. నేర్చుకున్నవాళ్ళ జ్ఞాపకం, రోజువారీ పనులు మెరుగయ్యాయి. ఉదాహరణకు గొడుగు, తాళంచెవి, కవరు, డాక్టరు గుర్తుండాలనుకోండి. డాక్టరు గొడుగు తెరిస్తే అందులోంచి కవరు రాలి పడింది, చించితే తాళంచెవి ఉంది అని మనసులో చూడాలి. ఎంత వింతగా ఉంటే అంత గట్టిగా నిలుస్తుంది. న్యూరోసైకాలజిస్టు గానీ ఆక్యుపేషనల్ థెరపిస్టు గానీ దీన్ని పద్ధతిగా నేర్పుతారు, మీ డాక్టరును రిఫర్ చేయమని అడగండి.

ఆఫీసులో అంకె దగ్గర ఒక చిన్న మార్పు చేసి చూడండి. చూసిన వెంటనే రాయకుండా, చిన్నగా పైకి చదివి, రెండేసి అంకెలుగా విడగొట్టి, అప్పుడు రాయండి. రెండు కాగితాలూ ఒకే ఎత్తులో పక్కపక్కన ఉంచండి. మీటింగుకు మీరు చెప్పవలసిన మూడు మాటలు కాగితం మీద రాసి ముందు పెట్టుకోండి. కష్టమైన లెక్కలు మీకు ఓపిక ఎక్కువగా ఉండే వేళకు మార్చుకోండి. జబ్బు సంగతి అక్కడ చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెబితే పనివేళల్లో, పని తీరులో వెసులుబాటు అడగొచ్చు. చెప్పిన మాటను మాత్రం వెనక్కి తీసుకోలేరు. పరీక్ష ఫలితం చేతికొచ్చాక, నమ్మకమున్న పైఅధికారి ఒక్కరితో మొదలుపెట్టడం గురించి ఆలోచించండి.

ఈలోగా చూపు మసకబారడం, కొత్త తిమ్మిరి, నడక తడబడటం లాంటివి ఏవైనా 24 గంటలు దాటి ఉంటే వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి. ఉన్నట్టుండి అయోమయంగా అనిపించినా, మాట తడబడినా, ఒకవైపు చెయ్యో కాలో బలహీనపడినా ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్ళండి. జ్వరం వస్తే క్యాప్సూల్స్ ఆపి, అవి వాడుతున్నట్టు డాక్టరుకు తప్పకుండా చెప్పండి.